చివరి అంకె తీసేస్తూ పోతే

సాయంత్రం ఆరుంబావుకు కరెంటు పోయింది. కింద వర్క్‌షాపులో కుట్టుమిషన్లు ఒక్కసారిగా ఆగాయి. తొంభైలలో నగర్తపేటలో అది మామూలే. చీకట్లో అన్న గొంతు వినిపించింది: "ఏడు, మూడు, తొమ్మిది, మూడు, తొమ్మిది, ఒకటి, మూడు, మూడు." ఆ సంఖ్యను నేను మొదటిసారి విన్నది అప్పుడే.

73939133. అన్న హైస్కూల్లో లెక్కల మాస్టరు. ఒకటీ, అదే సంఖ్యా తప్ప మరేదీ దీన్ని శేషం లేకుండా భాగించదు, అంటే ఇది ప్రధాన సంఖ్య అని చెప్పాడు. చివరి అంకె తీసేస్తే మిగిలిందీ ప్రధాన సంఖ్యే. మళ్లీ తీసినా అంతే. ఏడు ఒక్కటే మిగిలేదాకా ఈ గుణం పోదు. చివర ఏ అంకె చేర్చినా పోతుంది. ఇలాంటి వాటిలో ఇంతకన్నా పెద్దది లేదట.

అప్పట్నుంచి కరెంటు పోతే మా ముగ్గురికీ అదే ఆట. అన్న మొత్తం చెబుతాడు. అమ్మ చివరి అంకె వదిలేసి చెబుతుంది. తర్వాత నేను, మళ్లీ అన్న. ఏడు ఎవరికి మిగిలితే వాళ్లు లేచి కొవ్వొత్తి వెలిగించాలి. అది ఎప్పుడూ అమ్మకే మిగిలేది.

"ఇందులో ఏందో మోసం ఉండాది. మోకాళ్ల నొప్పులదాన్నే లేపుతారు," అనేది అమ్మ.

"మోసం కాదమ్మా. అంకెలు ఎనిమిది, మనం ముగ్గురం. నేనేం చేసేది?"

"పెళ్లి చేసుకోప్పా. నలుగురమైతే నాకు తప్పుతాది."

"అప్పుడు నాలుగోవాళ్లకి పడతాది. నీ కోడలు నిన్ను ఆడ కూర్చోబెట్టకుండా చూసుకో."

రెండువేల సంవత్సరం దాటాక అన్న తలలో గడ్డ బయటపడింది. కోసి తీయడానికి వీల్లేని చోట ఉందని చెప్పి, మందులిచ్చి ఇంటికి పంపారు. మాటలు కొద్దికొద్దిగా పోసాగాయి. కరెంటు పోయినప్పుడు అమ్మ అన్న పక్కన కూర్చుని, "చెప్పప్పా," అనేది. ఆ సంఖ్య చెప్పగలిగినంత కాలం కొడుకు దక్కుతాడని ఆమె నమ్మకం.

ఒకరోజు అన్న చివరి అంకె, మూడు, చెప్పకుండానే ఆగిపోయాడు. కొన్నాళ్లకు ఇంకొక అంకె పోయింది. తర్వాత మరొకటి. పోయిన అంకెను చెవి దగ్గర చెప్పి చూశాను. వినేవాడు, నవ్వేవాడు, అనేవాడు కాదు.

"సరిగ్గా చెప్పినాడా?" అని అమ్మ నన్ను అడిగేది.

"సరిగ్గానే ఉండాదమ్మా."

అబద్ధం కాదు. అంకెలు చివరినుంచే పోతున్నాయి కాబట్టి మిగిలింది ప్రతిసారీ ప్రధాన సంఖ్యే. నాకు తెలిసింది అంతే. దాంతో ఏమీ చేయలేకపోయాను.

ఆఖరికి ఒక సాయంత్రం "ఏడు" అని ఊరుకున్నాడు.

"ఈసారి నీకు పడింది కదప్పా. లెయ్యి," అంది అమ్మ.

అన్న లేవలేదు. ఆమే మోకాళ్ల మీద చేతులానించి లేచి, కొవ్వొత్తి వెలిగించింది.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరమే. కరెంటు పోతే అమ్మ ముందే లేచి వెలిగిస్తుంది. ఆ సంఖ్యను మా ఇంట్లో ఎవరూ చెప్పడం లేదు.