గంగన్నకు నేను చేసిన కార్జం వైద్యం

నేను చదివింది ఏడో తరగతి. ఆ తరగతి మీద ప్రేమ కొద్దీ మూడేళ్లు అందులోనే ఉన్నాను. అలాంటివాణ్ని దుబాయ్‌లో ఒక మనిషికి నెల రోజులు డాక్టరునయ్యాను. కంగారు పడకండి, ఆయన బతికే ఉన్నాడు. అందులో నా గొప్పేమీ లేదు.

ఆయన మా గంగన్న. అల్ కుసైస్ కార్మికుల క్యాంపులో నా కింది మంచం ఆయనదే. పరంజాలు కట్టే పని. ఇరవయ్యో అంతస్తులో పిట్టలా తిరిగేవాడు. ఒకరోజు కళ్లు తిరిగాయి. కంపెనీ డాక్టరు పరీక్ష చేసి, రక్తం తక్కువుందని మాత్రలిచ్చాడు. "నెల దాకా పైకి ఎక్కొద్దు, అప్పటికీ పెరగకపోతే ఇంటికి పంపడమే" అన్నాడు.

నేనప్పుడు ఒక జపాన్ హోటల్లో గిన్నెలు కడిగేవాణ్ని. అక్కడ కోడి కార్జం, గుండెకాయ, కందనకాయ పుల్లలకు గుచ్చి బొగ్గుల మీద కాలుస్తారు. కార్జంలో ఇనుముంటుందని, రక్తం పడుతుందని వంటమాస్టర్ అన్నాడు. వెయ్యి మందిని చంపితే అర వైద్యుడంటారు. నేను ఒక్క మాట విని పూర్తి వైద్యుణ్నయ్యాను. మాస్టర్ దగ్గర మిగిలిన పుల్లలు రోజూ అడిగి తెచ్చేవాణ్ని.

"అన్నా, మాత్రలు పక్కకు పెట్టు. ఇవి తిను. నెలకు ఇనుప కడ్డీ అయితవ్!"

"కడుపుల తిప్పే మాత్రలు బందు పెట్టమంటే సంతోషమే. గని తమ్మీ, ఇది..."

"గుండెకాయ గూడ ఉంది. బి పన్నెండు విటమినంట!"

"అది కాదుర, జెర ఇను..."

"కందనకాయల కొవ్వు తక్కువ, బలమెక్కువ. తిను!"

"సరే, నువ్వు తానం చేసి రాపో. తింట."

వచ్చేసరికి పుల్లలు ఖాళీ. నా వైద్యానికి నేనే మురిసిపోయేవాణ్ని.

నెల తిరిగింది. పరీక్ష చేస్తే రక్తం ఇంకా తగ్గింది!

"ఇనుమంత ఏడికి వోయిందన్నా?"

గంగన్న మెల్లగా కిటికీ వైపు చూశాడు. గట్టు మీద క్యాంపు పిల్లి పహిల్వానులా మెరిసిపోతూ మూతి నాకుతోంది.

"నువ్వెన్నడన్న రుచి చూసినవా? బెల్లం పాకం పూసిన కార్జం! కారం లేదు, లోపలంత పచ్చి."

"మరి వద్దనరాదే?"

"నన్ను మాట్లాడనిస్తివా? దినాం డ్యూటీ దిగి, రెండు బస్సులు మారి, సల్లారొద్దని అంగీల దాసుకొని తెస్తివి. వద్దని ఎట్లంటర?"

నవ్వొచ్చింది. మాత్రల డబ్బా వెతికి ఆయన దిండు పక్కన పెట్టాను.

డాక్టరు కాళ్లావేళ్లా పడితే మరో నెల గడువిచ్చాడు. ఒక్క మాత్ర తప్పకుండా మింగించాను. పక్కన మన పద్ధతిలో కారం దట్టించి, బాగా వేయించిన కార్జం. రక్తం పెరిగింది, గంగన్న మళ్లీ పరంజా ఎక్కాడు.

ఆ రోజు క్యాంపు నీళ్ల ట్యాంకు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఇకమీదట నా నోట్లో పెట్టుకోనిది ఇంకొకరికి మందని చెప్పను.

గంగన్న బూట్ల తాళ్లు కట్టుకుంటూ తలెత్తాడు. "తప్పంత నాదే తమ్మీ. ఆ పరీక్షకు నా బదులు పిల్లిని పంపాల్సుండె. ఈపాటికి ఇరవయ్యో అంతస్తుల పరంజా అదే కడుతుండె!"