నాటకానికి ముందు పప్పన్నం

గడిచిన గురువారం ఉదయం మా మామగారు పోయారు. ఎప్పటిలాగే ఆరింటికి లేచి, ముఖం కడుక్కుని, పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను టీ తీసుకెళ్ళేసరికి తల ఒక పక్కకు వాలి ఉంది. కునుకు పట్టిందేమో అనుకున్నాను. గ్లాసు కింద పెట్టి భుజం మీద చెయ్యి వేశాక తెలిసింది. డాక్టరు వచ్చి చూసి, నొప్పి తెలిసి ఉండదన్నాడు. ఈ గనుల ఊరు బచేలీలో మా వీధివాళ్ళంతా వచ్చారు. "ఆరామ్ సే గయే, బహూ" అంది ఎదురింటి ఆమె నా చెయ్యి పట్టుకుని, హాయిగా వెళ్ళారని. "అదృష్టవంతుడమ్మా" అన్నారు మా తెలుగువాళ్ళు.

మనిషి పోయిన ఇంట్లో కూర్చుని, మనసు తేలిగ్గా ఉందని రాయకూడదేమో. కానీ ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఏడ్చాను, ఇంకా ఏడుస్తూనే ఉన్నాను. అయినా లోపల ఎక్కడా బరువు లేదు. ఆయన బాధపడకుండా వెళ్ళారు. మా ఇద్దరి మధ్య చెప్పుకోకుండా మిగిలిపోయిన మాట కూడా ఏదీ లేదు. ఇది నాకు ఊరికే దొరకలేదు. రెండేళ్ళ కిందట జగదల్‌పూర్‌లో, ఒక నాటకానికి ముందు అన్నం తినడానికి చోటు వెతుక్కుంటూ మేమిద్దరం పడ్డ అవస్థలో దొరికింది.

ఆయన శ్రీకాకుళం వైపు పల్లె నుంచి పాతికేళ్ళ వయసులో ఇక్కడి ఇనుప గనికి వచ్చారు. ఉద్యోగమంతా క్రషర్ దగ్గరే. కొండ నుంచి వచ్చిన రాయిని పొడి చేసే యంత్రం అది. రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక బజారు వెనక చిన్న ఇల్లు కట్టుకున్నారు. మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. నేను ఈ ఇంటికి వచ్చేసరికి తండ్రీ కొడుకూ ఇద్దరే వండుకు తింటున్నారు.

ఆయనకు కొన్ని పద్ధతులు ఉండేవి. చొక్కా మడతపెట్టడానికి ముందు జేబులు బయటికి తీసి దులిపేవారు. ఇన్నేళ్ళయినా రాతిపొడి ఉంటుందని అనుమానం. బజారుకు వెళ్తే కూరలమ్మే ఆడవాళ్ళతో హల్బీలో మాట్లాడేవారు. యంత్రం దగ్గర పక్కన పనిచేసిన ఇక్కడి మనుషులు నేర్పిన భాష అది. ఇంట్లో మాత్రం మాటల్లేవు. వరండాలో కుర్చీ వేసుకుని, వంటింటికి కుడి భుజం తిప్పి కూర్చుని పేపరు చదువుకునేవారు.

వంటింట్లోంచి "మామయ్యా, అన్నం పెట్టమంటారా?" అని అడిగితే జవాబు ఉండేది కాదు. రెండోసారి అడిగినా అంతే. పెళ్ళయిన ఏడో ఏట నాకు స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఆయన కుర్చీ వెనక నిలబడి చెప్పాను. ఆయన పేపరు తిప్పారు, నా వైపు తిరగలేదు. ఆ మధ్యాహ్నం గిన్నెలు తోముతూ నిర్ణయించేసుకున్నాను, ఈయన లెక్కలో నేను మనిషిని కానని. పెళ్ళిళ్ళకు పిలిస్తే రారు, పూజలకు రారు, కాలనీలో దసరా కార్యక్రమాలకు రారు. గర్వం అనుకున్నాను. ఆ తర్వాత నేనూ మాటలు తగ్గించుకున్నాను. కంచం పెట్టడం, మందు ఇవ్వడం, అంతవరకే.

మా అమ్మాయి జగదల్‌పూర్‌లో కాలేజీలో చేరింది. అక్కడ పిల్లలంతా కలిసి హల్బీలో ఒక నాటకం వేస్తున్నారనీ, తనది ముసలమ్మ వేషమనీ సెలవుల్లో ఇంటికొచ్చి చెప్పింది. తాతగారి ఎదురుగా నేల మీద కూర్చుని, ఆయన మోకాళ్ళు పట్టుకుని, "తాతా, మన ఇంట్లో హల్బీ బాగా తెలిసినవాడివి నువ్వొక్కడివే. నువ్వు రాకపోతే నేను స్టేజీ ఎక్కను" అంది. ఆయన దాని ముఖాన్నే చూస్తూ విన్నారు. తల ఊపారు. నాకు ఆశ్చర్యమేసింది. మా ఆయనకు ఆ రోజు డ్యూటీ పడింది, సెలవు దొరకలేదు. ఇక తప్పనిసరై మామయ్యను తీసుకెళ్ళే పని నా మీద పడింది.

బస్సులో మూడున్నర గంటలు. దంతెవాడ దాటాక ఒకసారి నీళ్ళ సీసా ఇచ్చాను, తాగి తిరిగి ఇచ్చారు. అంతే మా సంభాషణ. రాత్రికి మా ఆయన ఒక ధర్మశాలలో గది చెప్పించారు, అక్కడ భోజనం ఉండదు. నాటకం ఆరున్నరకు. మామయ్యకు షుగరు ఉంది, సూది వేసుకున్న అరగంటలో తినాలి. కాబట్టి ముందే తినేసి హాల్లోకి వెళ్ళాలని అనుకున్నాం.

దిగేసరికి ఐదుంపావు. చలికాలం, అప్పటికే వెలుగు తగ్గుతోంది. ఆయన బస్టాండులో బల్ల మీద కూర్చుని చొక్కా ఎత్తి సూది వేసేసుకున్నారు. "మలుపులో మెస్సు ఉందమ్మా. ఏ పని మీద వొచ్చినా అక్కడే తినీవోణ్ణి" అని లేచారు. మలుపు తిరిగితే మెస్సు లేదు. ఆ చోట మొబైల్ ఫోన్ల దుకాణం ఉంది.

అప్పుడు మొదలైంది మా తిరుగుడు. ఒక హోటల్ ముందు ఆగి గుమ్మంలోంచే ధరల బోర్డు చదివి, తల అడ్డంగా ఊపి ముందుకు నడిచారు. ఇంకొకటి అద్దాల తలుపులది. లోపల చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు. నేను తలుపు తోశాను కూడా. ఆయన మెట్టు ఎక్కలేదు. రోడ్డు పక్క బండి మీద చౌమీన్ నూడుల్స్ ఉంది, సమోసాలు ఉన్నాయి, ఆయన తినేవి కావు. "మామయ్యా, డబ్బు నేనిస్తాను, ఎక్కడో ఒక చోట కూర్చుందాం" అన్నాను వెనక నడుస్తూ. ఆయన ముందుకు నడుస్తూనే ఉన్నారు. సూది వేసుకుని అప్పటికే అరగంట దాటింది. నాకు ఒళ్ళు మండింది. కోడలి డబ్బుతో తినడం కూడా నామోషీయేనా అనుకున్నాను.

"మామయ్యా, ఆగండి!" అని అరిచాను. ఆగలేదు. అదే సమయానికి ఆయన వెనక నుంచి ఒక ఆటో హారన్ కొడుతూ వస్తోంది. రోడ్డు మీద జనమంతా తప్పుకున్నారు, ఆయన ఒక్కరే రోడ్డు మధ్యకు నడుస్తున్నారు. పరిగెత్తి చెయ్యి పట్టి లాగాను. ఆటోవాడు హిందీలో ఏదో తిట్టి వెళ్ళిపోయాడు. నా చేతిలో ఉన్న ఆయన చెయ్యి చల్లగా, తడిగా ఉంది. చొక్కా వీపంతా చెమట. పెదవులు వణుకుతున్నాయి.

"హారన్ వినపడలేదా మామయ్యా?" అన్నాను.

ఆయన నా నోటి వైపే చూశారు. పసిపిల్లలు కొత్త మనిషిని చూసినట్టు చూశారు. తర్వాత నెమ్మదిగా, "ఈ పక్కకి రామ్మా. ఆ సెవి పన్జెయ్యదు" అన్నారు.

ఆలోచించడానికి సమయం లేదు. రోడ్డవతల ఒక ఇంటి ముందు కొళాయి దగ్గర నలుగురైదుగురు బస్సు డ్రైవర్లు చేతులు కడుక్కుంటున్నారు. లోపల పొడవాటి బల్లలు కనిపించాయి. "మెల్లగా మామయ్యా" అంటూ ఆయనను నడిపించుకుంటూ వెళ్ళాను. గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన ఆమె ఒక్క చూపులో పోల్చేసింది.

"ఏంది పెద్దయ్యా, గిట్ల చెమటలు పట్టినయ్? షుగరా?" అంది తెలుగులో. నేను అవునన్నాను. "సూది ఏసుకొని తినలే. గంతేగా? మా అత్తకు గిదే బీమారి. కూసోబెట్టమ్మా, జల్ది."

గ్లాసులో సగం చక్కెర వేసినట్టున్న టీ తెచ్చి ఆయన నోటికి పెట్టింది. నేను సంచిలోంచి పర్సు తీయబోతే కోప్పడింది. "పైసల ముచ్చట తర్వాత. ముందు పెద్దమనిషిని చూడు."

ఆమెది తెలుగు సరిహద్దున ఉన్న కోంటా దగ్గర పల్లె. భర్త బస్సు నడిపేవాడట. డ్రైవర్లకు వండిపెట్టడం అలా మొదలైందట. ఇవన్నీ ఆమె అన్నం వడ్డిస్తూనే చెప్పింది. వేడన్నం, చిక్కటి కందిపప్పు, సొరకాయ కూర, గోంగూర పచ్చడి. నాలుగు ముద్దలు లోపలికి వెళ్ళాక ఆయన ముఖంలోకి రంగు వచ్చింది. నేనూ అప్పుడే నా కంచంలో చెయ్యి పెట్టాను. ఆమె అడిగిన డబ్బు కూడా ఆయన తల అడ్డంగా ఊపేటంత కాదు.

నేను లేచి వెళ్ళి ఆయన ఎడమ పక్కన కూర్చున్నాను.

"ఎప్పటినుంచి మామయ్యా?"

"శానా ఏళ్ళయిందమ్మా. యంత్రం మోతకి సెవుల్లో పెట్టుకోమని బిరడాలు ఇచ్చీవోళ్ళు. దురద పెడతాయని జేబులో యేసుకునీవోణ్ణి. తప్పు నాదే. కుడి సెవి అసలు నేదు. ఎడమది కొంచెం."

"మీ అబ్బాయికి తెలీదా?"

"ఆడి గొంతు పెద్దది కదా, ఇనపడిపోద్ది. నువ్వేమో మెల్లగా మాట్లాడతావు. ఏదో అంటన్నావని తెలిసీది. మళ్ళీ అడిగితే సెవిటోడంటారని ఊరుకునీవోణ్ణి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఎల్తే అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలక నేనూ నవ్వాలి. అదెందుకని మానీసాను."

నీళ్ళు తాగి, ఆయన చెవికి దగ్గరగా వంగి అడిగాను. "నాకు ఉద్యోగం వచ్చినరోజు మీ కుర్చీ వెనకే నిలబడి చెప్పాను. గుర్తుందా?"

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "సెప్పేవా? నాకు అబ్బాయి సెప్పేడమ్మా, నాలుగు రోజులు పోయాక. ఇంటిల్లిపాదికీ సెప్పి నాకొక్కడికే సెప్పనేదని..." అంటూ ఆగి, తల వంచుకున్నారు. "అది గుర్తొచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమనీది."

పదేళ్ళకు పైనే. ఆయన ఒకవైపు, నేను ఒకవైపు, ఇద్దరం ఒకే గాయాన్ని ఎదుటివాళ్ళే చేశారనుకుంటూ మోశాం. ఎడమ పక్కన కూర్చుని అడిగి ఉంటే సరిపోయేది. నాకు ఏడుపు రావాలి, నవ్వొచ్చింది. నన్ను చూసి ఆయనా నవ్వారు. ఆయన పళ్ళు అన్నీ కనిపించేలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. "గిప్పుడు మంచిగైండు" అంది మెస్సు ఆమె, మరో గరిటె పప్పు వేస్తూ.

హాల్లోకి వెళ్ళేసరికి దీపాలు ఆర్పుతున్నారు. ముందు వరసలో, ఆయన ఎడమ చెవి నా వైపు ఉండేలా కూర్చున్నాం. ఊరి చేతిపంపుకు కాపలా కూర్చుని, ఎవరినీ దగ్గరికి రానివ్వని ఒక ముసలమ్మ కథ అది. తెల్ల జుట్టు పెట్టుకుని, నడుం వంచి మా అమ్మాయి స్టేజీ మీదికి వచ్చింది.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మాటలు ఆయనకు వినపడవు. నాకు వినపడతాయి కానీ నా హల్బీ కూరల బజారు వరకే. మా అమ్మాయి చకచకా మాట్లాడేస్తుంటే నాకేమీ అర్థం కావడం లేదు. ఏం చెయ్యాలో తోచక, విన్న మాటల్ని విన్నట్టే ఆయన చెవిలో పలకడం మొదలుపెట్టాను. ఒక వాక్యం నేను అప్పజెప్పగానే, "ఊరోళ్ళని ఎల్లిపొమ్మంటంది. ఈ నీళ్ళు నా కొడుకు తవ్వించినవి అంటంది" అని ఆయన తెలుగులో చెప్పేవారు. నేను పలకడం, ఆయన అర్థం చెప్పడం. నా నోట్లో మాటలు వంకర పోతే ఆయన సరిచేసి, "అలాక్కాదు, ఇలగంటాది" అని నవ్వేవారు. వెనక వరసాయన "చుప్ రహియే, బహన్‌జీ" అని విసుక్కున్నాడు. వెనక్కి తిరిగి, చెవి చూపించి, "ఇన్‌కో సునాయీ నహీ దేతా" అన్నాను. వినపడదన్న మాట అందరి ముందూ అన్నందుకు మామయ్య ఏమనుకుంటారోనని భయపడ్డాను. మామయ్యే వెనక్కి తిరిగి ఆ మనిషికి నమస్కారం పెట్టారు. తర్వాత మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. చివర్లో ముసలమ్మ పంపు పిడి ఊరివాళ్ళ చేతికి ఇచ్చేటప్పుడు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆయనకు నా సాయం లేకుండానే అర్థమైంది.

ఊరికి వచ్చిన నెలలోనే చెవి మిషను పెట్టించాం. మొదట్లో మిషనులో నా గొంతు రేడియోలా వస్తోందని గొణిగేవారు. తర్వాతి రెండేళ్ళూ మేమిద్దరం మాట్లాడుకున్నంత ఈ ఇంట్లో ఇంకెవరూ మాట్లాడుకుని ఉండరు. నా స్కూలు కబుర్లన్నీ ఆయనకు కావాలి. "ఇనపడకపోతే అడగాలమ్మా. అడగడానికి సిగ్గుపడి ఎన్నేళ్ళు పారేసుకున్నానో" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. చనిపోయే ముందు రోజు కూడా, సాయంత్రం దాకా, నా క్లాసులో ఎక్కాలు రాని పిల్ల గురించే మాట్లాడుకున్నాం. అందుకే నా మనసు తేలిగ్గా ఉంది. ఆయన దగ్గర చెప్పకుండా దాచుకున్నది ఒక్కటీ లేదు.

ఆ రోజు నాటకం అయ్యాక మా అమ్మాయి వేషం తియ్యకుండానే కిందికి పరిగెత్తుకొచ్చి తాతను వాటేసుకుంది. "బావుందా తాతా?" అని అడిగింది. ఆయన ఎడమ చెవి దాని వైపు తిప్పి, "ఇటు సెప్పు, ఈ సెవిలో" అన్నారు. అది ఆయన చెవికి ముఖం ఆనించి మళ్ళీ అరిచింది. దాని బుగ్గ మీది ఎర్రరంగూ, కనుబొమల మీది తెల్లరంగూ ఆయన చెవి నిండా అంటుకున్నాయి.

మర్నాడు పొద్దున్న ధర్మశాల కొళాయి దగ్గర ఆయన ముఖం కడుక్కుంటుంటే తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. మెడ తోముకున్నారు, నుదురు తోముకున్నారు, కుడి చెవి వెనక కూడా వేలు పెట్టి తోముకున్నారు. ఎడమ చెవి జోలికి వెళ్ళలేదు. బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకు ఇచ్చి ఆయన ఎడమ పక్కన కూర్చున్నాను. గీదం వరకూ అవతలి కిటికీల్లోంచి ఎండ నేరుగా మా మీదే పడింది. ఆ ఎండలో ఆయన చెవి ఎర్రగా, తెల్లగా మెరుస్తూ ఉంది.