అద్దాల ఎలివేషన్

మేడ్చల్ పాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణాల ముందు భాగాలన్నీ పోయాయి. మళ్లీ కట్టుకునే ముందు వ్యాపారుల సంఘం వాళ్లు అశ్రిత అనే ఇంజినీరమ్మను పిలిపించి, వీధి చూడముచ్చటగా ఉండాలంటే ఏం చేయాలో చెప్పమన్నారు. ఆమె చెప్పింది కొంచెమే. ముందు మూడడుగులు వదలండి, అక్కడ నీడ వేయండి, మనిషి కూర్చోవడానికి అరుగు కట్టండి, బోర్డులు అందరివీ ఒకే ఎత్తులో పెట్టండి.

స్టీలు సామాన్ల పరంజ్యోతికి అది నచ్చలేదు. "మూడడుగులు ఇడిస్తే గిన్నెలు నా నెత్తిమీద పెట్టుకోవాల్నా?" అన్నాడు. కొంపల్లిలో మాల్ చూసొచ్చి, రోడ్డు అంచు దాకా నిలువెత్తు నీలి అద్దాలు బిగించాడు. దుకాణం ముఖభాగానికి ఎలివేషన్ అనే పేరు కూడా అక్కడే నేర్చుకొచ్చాడు, ఇక నోరు తెరిస్తే ఆ మాటే. ఆదివారం ప్రార్థనలో కూడా "ప్రభువా, నా ఎలివేషన్‌ను దీవించు" అంటే చర్చిలో ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఎదురుగా దుర్గాబాయిదీ స్టీలు దుకాణమే. ఆమె అశ్రిత చెప్పినట్టే వెనక్కి జరిగి, పెంకుల చూరు దించి, నున్నటి అరుగు కట్టించింది. మూలకు చల్లటి నీళ్ల మట్టి రంజన్ పెట్టి, దానిమీద గ్లాసు బోర్లించింది. షామీర్‌పేట బస్సు దిగినవాళ్లు నేరుగా అక్కడికే నడిచేవాళ్లు. నీళ్లకు పోతున్నారులే అని పరంజ్యోతి సర్దిచెప్పుకున్నాడు. నీళ్లు తాగినవాళ్లు బిందెలు పట్టుకుని లేస్తుంటే కడుపు రగిలిపోయింది. ఆమె చూరుకు దిష్టిబొమ్మ వేలాడదీసిన రోజు ఆయనకు అన్నం సహించలేదు.

"నా కండ్ల దిష్టికే ఆ బొమ్మ కట్టింది సూడు," అన్నాడు భార్యతో.

"నువ్వు సూడకుంటే అయిపాయె గదా," అంది ఎస్తేరు.

ఒక మధ్యాహ్నం ఆకలికి ఓర్వలేక బయటికొచ్చి చూస్తే, ఎస్తేరు ఒళ్లో టిఫిన్ డబ్బాతో దుర్గాబాయి అరుగు మీదే కూర్చుని నవ్వుతోంది. ఆయన విసవిసా రోడ్డు దాటాడు.

"దుకాణం మర్సిపోయినవా ఏంది?"

"ఎండల పడొచ్చిన. నీ ఎలివేషన్ ముందట నిలబడితే అప్పడం లెక్క కాలుతాంది. ఇగ ఈడ జర కూసున్న."

"కూసో అన్నా, సల్లగుంటది," అంటూ దుర్గాబాయి గ్లాసెడు నీళ్లందించింది. ఆ చేతిని కాదనలేక కూర్చున్నాడు.

అంతలో రావల్కోల్ నుంచి శివమ్మ అనే ముసలామె కుక్కర్ కోసం వచ్చింది.

"నా దగ్గర అయిపోయినయి అవ్వా. ఎదురుంగ అన్న దుకాణంల మస్తు మంచియి ఉంటయి, ఆడికి పో," అంది దుర్గాబాయి.

తన దగ్గరికొచ్చిన గిరాకీని దుర్గాబాయి ఆయన దుకాణానికే పంపుతుంటే పరంజ్యోతికి తల ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. శివమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏ దుకాణం బిడ్డా? ఆడ గుడ నీదే కనబడుతాంది."

ఆయన చూశాడు. నిజమే. నీలి అద్దాల నిండా ఆ చూరే, ఆ అరుగే, ఆ రంజనే. తన గిన్నె ఒక్కటీ కనబడలేదు. ఇన్నాళ్లూ తన ముంగిట ఆమె దుకాణాన్నే నిలబెట్టి చూపించాడు. అద్దంలో కూడా ఆ అరుగు ఎంత బాగుందో అనిపించి, మళ్లీ ఒళ్లు మండింది.

ఏమనుకున్నాడో, లేచి శివమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించబోతూ ఆగాడు.

"నీ అరుగు కట్టిన మేస్త్రి పేరేంది?"

"పర్వతాలు. ఎందుకన్నా?"

"అద్దాలు ఇప్పిస్త. అరుగు కట్టిస్త." ఎస్తేరు వైపు చూడకుండా అన్నాడు. "నీదానికంటె జానెడు ఎక్కువ వెడల్పే కట్టిస్త."