ముద్దాయి నేనే బేటా!

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, హఫీజ్‌పేట్‌లో మేముండే అపార్ట్‌మెంట్ పిల్లలందరూ కంప్యూటర్లు చదువుతుంటే నేనొక్కదాన్నే నేరాలు చదివేదాన్ని. డిగ్రీలో క్రిమినాలజీ, దాంతోపాటు లా. లిఫ్టులో కలిసిన ఆంటీలకు మా అమ్మ గోదావరి జిల్లా మర్యాదతో "మా అమ్మాయిది క్రిమినాలజీ అండీ" అని చెబితే, "అయ్యో, తగ్గిపోతుంది లెండి" అన్నట్టు చూసేవారు. ఒకావిడైతే అదేదో చర్మం డాక్టరు చదువనుకుని వాళ్ళబ్బాయి మొటిమలకు మందు అడిగింది. (అమ్మ శనగపిండి రాయమంది. తగ్గాయట.) నాకు మాత్రం ఆ చదువంటే భయం, భక్తి రెండూ ఉండేవి. మనిషి తప్పెందుకు చేస్తాడో ఆలోచించడానికి ఒక శాస్త్రమే ఉందంటే ఒళ్ళు పులకరించేది. మెట్రోలో ఎదురుగా కూర్చున్న ప్రతివాళ్ళ మొహంలోనూ నేరస్వభావం వెతికేదాన్ని. పాపం, నైట్ షిఫ్టు నిద్రమత్తు తప్ప ఏమీ దొరికేది కాదు.

నా బాధల్లా ఒక్కటే. ఇంత చదివినా ఒక్క అసలు సిసలు ముద్దాయిని కూడా దగ్గర్నుంచి చూడలేదు. అలాంటి సమయంలో కాలేజీవాళ్ళు మమ్మల్ని వారానికోసారి బాలానగర్‌లో ఒక ఉచిత న్యాయ సలహా కేంద్రానికి పంపారు. చుట్టూ లేతు మిషన్ల మోత, మధ్యలో మేడమీద ఒక గది. అక్కడ పెద్దావిడ ఒక లాయరు ఉండేది, అందరూ వకీలమ్మ అనేవాళ్ళు. ఎంతటి మాటకారి వచ్చి ఎన్ని కథలు చెప్పినా, ఆవిడ కళ్ళజోడు తీసి "మళ్ళ చెప్పు" అందంటే, రెండోసారి నిజమే బయటికొచ్చేది. ఆవిడను చూస్తే నాకు నోట మాట వచ్చేది కాదు.

ఒక శనివారం ఆవిడ కిందికి చాయ్ తాగడానికి వెళ్తూ నన్ను కూర్చోమంది. ఆవిడ అటు వెళ్ళిందో లేదో తెల్లగడ్డం, ఇస్త్రీ చొక్కాతో ఒక పెద్దాయన తలుపు దగ్గర నిలబడ్డాడు.

"వకీలమ్మ లేదా బేటా? కేసు గురించి వచ్చిన. ముద్దయిని నేనే."

నా చెవికది ముద్దాయిని అనే వినబడింది. ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఇన్నాళ్ళకు ఒక ముద్దాయి, అదీ తన కాళ్ళమీద తాను నడిచి, నా ముందుకొచ్చాడు! నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. ఉన్నవాటిలో మంచి కుర్చీ లాగి వేసి, నా సీసాలో చల్లనీళ్ళు గ్లాసులో పోసి రెండు చేతులతో ఇచ్చాను.

"ఏ కేసండీ?"

"దొంగతనం బేటా. కుట్టుమిషన్లు. తాళం పలగ్గొట్టి, మొత్తం ఆటోల ఏసుకపోవుడే. జుమ్మా పూట, అందరు నమాజుకు వోయినప్పుడు."

(ఎంత ముందుచూపు! నాకు గౌరవం ఇంకా పెరిగింది.)

"నిద్ర పడుతోందా అండీ?" అన్నాను. నేరస్థుడి మనస్సు మీద మాకొక పాఠం ఉండేది.

"యాడి నిద్ర బేటా! ఆ మిషన్లే కండ్లల్ల తిరుగుతున్నయి. బళ్ళు తెరిచే టైమాయె. యూనిఫారాలు కుట్టుకొని బతికే ఆడోళ్ళాయె. ఆళ్ళ ముఖం చూడలేకపోతున్న."

అచ్చం పుస్తకంలో ఉన్నట్టే పశ్చాత్తాపం! నాకు కళ్ళు చెమర్చాయి.

"బాధపడకండి. తప్పు ఎవరైనా చేస్తారు. చట్టం ఉన్నది మనిషిని మార్చడానికే. మీరూ మారొచ్చు."

"నేనెందుకు మారాలె?" అన్నాడు తెల్లబోయి.

(కరుడుగట్టినవాడే.) "పోనీ, మిషన్లు ఎక్కడ పెట్టారో చెప్పండి."

"అది తెలిస్తె ఈడికెందుకొస్త!"

ఇక నావల్ల కాక వరండాలోకి వెళ్ళి వకీలమ్మకు ఫోన్ చేశాను. "మేడం, ముద్దాయి వచ్చి లొంగిపోయాడండీ. మిషన్లు ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడట." ఆవిడ చాయ్ వదిలేసి, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. పెద్దాయన్ని చూసి, కళ్ళజోడు తీసి, "మళ్ళ చెప్పు చాచా" అంది. ఆయన చెప్పాడు. వకీలమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

"ఉర్దూల ముద్దయి అంటే ఫిర్యాదు ఇచ్చెటోడు పిల్లా. పాత కోర్టు కచేరీలల్ల గట్లనే అనేటోళ్ళు. మన తెలుగుల ముద్దాయి అంటే నేరం మోపినోడు. దుకాణం ఈయనదే, పోయిన మిషన్లు ఈయనయే. ఒక్క దీర్ఘం కలిపి మనిషిని బోనెక్కించినవ్ గదనే!"

భూమి చీలితే బాగుండుననిపించింది. అంతలో వకీలమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఠాణాల గూడ గిదే మాట చెప్పినవా చాచా?"

"గిదే చెప్పిన. రాసుకునేటాయన కొత్తోడు. దొంగవి నువ్వే అయితే మళ్ళ ఫిర్యాదేంది, ఆటలా అని గరమయిండు. పొద్దుమీకేదాక బెంచీమీద కూసోవెట్టి తిట్టి ఎల్లగొట్టిండ్రు. ఎందుకో సమజ్ కాలే."

నేను నవ్వులపాలైన మాటే అక్కడ ఒక మనిషి పరువు తీసి, ఆయన్ని నమ్ముకున్న ఆడవాళ్ళ కూటికి అడ్డం పడింది. ఎన్నో లావుపాటి పుస్తకాలు చూసి ఆశ్చర్యపోయాను కానీ, నోటితో అనే ఒక మాటకు ఇంత బలం ఉంటుందని నాకు తెలిసింది మాత్రం ఆ పూటే.

వకీలమ్మ అప్పటికప్పుడు చాచాను వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్ళి కేసు కట్టించింది. కొన్నాళ్ళకు మిషన్లు దొరికాయి, బళ్ళు తెరిచేలోపు యూనిఫారాలూ తయారయ్యాయి. ఆ సంగతి చెప్పడానికి చాచా స్వీట్ల డబ్బాతో వచ్చినప్పుడు నేను తల వంచుకుని, "మిమ్మల్ని దొంగ అనుకున్నాను, ఏమీ అనుకోకండి" అన్నాను.

"ఫికర్ చేయకు బేటా," అన్నాడు. "ఠాణాల దొంగ అనుకొని తిట్టిండ్రు. నువ్వు గూడ దొంగనే అనుకున్నవ్. అయినా లేచి నిలబడి, కుర్చీ ఏసి, నీళ్ళిచ్చినవ్."

ఇప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో న్యాయ విభాగం చూస్తున్నాను. నా ముందుకొచ్చే ముద్దాయిలు మెడలో ఐడీ కార్డులతో వస్తారు. మాటలకు అర్థాలన్నీ తెలుసు, దీర్ఘాలు ఎక్కడా తప్పను. కానీ ఎవరైనా తలుపు తీసుకుని, "మేడం, నామీద కంప్లయింట్ వచ్చిందట" అంటే నా కళ్ళు ముందు కంప్యూటర్ తెర మీదికే పోతాయి. బాలానగర్ మేడమీది ఆ పిల్లయితే లేచి నిలబడేది. దాన్ని తలుచుకుని నవ్వుకుంటాను, కాస్త అసూయగానే.