గార్లండ్ పడవలోని రబ్బరు బంతి

చెస్లీ చేతిలో పడ్డ ఇనుము ఊరికే చావదని కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లోని ఆ చిన్న రేవులో పేరు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు అతని పాత కారు పెట్రోలు గొట్టాన్ని తినేస్తే, తుప్పు పట్టిన మేరకు కోసేసి, రబ్బరు గొట్టం తొడిగి క్లిప్పులు బిగించాడు. కారు నడిచింది. కానీ రాత్రంతా నిలిపితే పెట్రోలు వెనక్కి, ట్యాంకులోకి జారిపోయేది. పొద్దున ఎంత తిప్పినా ఇంజిను దగ్గేదే తప్ప అందుకునేది కాదు. భార్య సెలీనా చేపల ఫ్యాక్టరీకి ఆలస్యంగా వెళ్లి మాటలు పడేది.

పడవ మోటార్లకు ఆ తిప్పలు లేవు. గొట్టం మధ్యలో గుప్పిట్లో పట్టే రబ్బరు బంతి ఉంటుంది. నాలుగుసార్లు నొక్కితే పెట్రోలు ముందుకొచ్చి నిలుస్తుంది. సెలీనా అన్నయ్య గార్లండ్ పడవలో అలాంటి కొత్త బంతి ఉంది. కావాల్సింది తీసుకుని తర్వాత చెప్పడం ఆ రేవులో మామూలే. చెస్లీ దాన్ని తీసుకుని తన కారు గొట్టానికి బిగించుకున్నాడు. పడవలో దాని చోట తన సామాన్లలోని పాత బంతి బిగించాడు. దాని మీద వెంట్రుకంత పగులు కనబడింది. నొక్కి చూస్తే మాత్రం బాగానే నిలిచింది. చెబుదాంలే అనుకున్నాడు. చర్చి దగ్గర గార్లండ్ ఎదురైతే గాలివాన గురించి మాట్లాడి వచ్చేశాడు.

శనివారం గార్లండ్ ఒంటరిగా కాడ్ చేపల వేటకు వెళ్లాడు. మధ్యాహ్నానికి పొగమంచు కొండల్ని మింగేసింది. పడవలన్నీ వచ్చాయి, అతనిది తప్ప. వస్తాడులే అని సెలీనా తనకు తానే చెప్పుకుంటోంది. చెస్లీ కంచం పక్కకు నెట్టాడు. లేచి ముసలి ఈలై ఇంటికి పోయి పడవ తియ్యమన్నాడు.

మంచు విడిచాక చూద్దామన్నాడు ఈలై. "చేపలు పడుతుంటే ఎవడు తొందరగా వస్తాడ్రా?"

"మోటారు ఆగిపోయుంటుంది తాతా."

"నీకెవడు చెప్పాడు?"

"నేనే ఆపాను."

ఈలై లేచాడు. బూట్లు తొడుక్కున్నాడు.

అలలు బండలకు కొట్టుకుంటున్న చప్పుడు పక్కనే వినిపించే చోట గార్లండ్ దొరికాడు. తెడ్లు వేసి వేసి అరచేతులు చిట్లిపోయాయి. చెస్లీ విసిరిన తాడు అందుకుంటూ, "నాదే బుద్ధితక్కువ బావా," అన్నాడు. "బయల్దేరే ముందు గొట్టం తడిమి చూసుకోవాల్సింది. మా చెల్లి తిడుతోందా?"

"అది నీ బంతి కాదు బావా. నీది నా కార్లో ఉంది."

ముడి వేస్తున్న గార్లండ్ చెయ్యి ఆగింది. తర్వాత ముడి బిగించి, అటు తిరిగి కూర్చున్నాడు.

ఒడ్డున సెలీనా అన్నను వాటేసుకుంది. నువ్వు కాబట్టి కనిపెట్టావని మొగుణ్ణి మెచ్చుకుంది. ఏమైందని ఎవరో అడిగితే ఈలై దగ్గాడు.

"రబ్బరు పగిలింది," అన్నాడు గార్లండ్, చెస్లీ వైపు చూడకుండా. "పాతబడితే పగలదా మరి."

ఇంటికొచ్చాక, అన్నకు వేడిగా బఠాణీ సూపు పట్టుకెళ్లాలని సెలీనా కార్లో కూర్చుంది. చెస్లీ బానెట్ ఎత్తి బంతి మీద చెయ్యి వేశాడు. నొక్కలేకపోయాడు. దాన్ని తీసెయ్యడానికి క్లిప్పులు విప్పుతుంటే పెట్రోలు మణికట్టు మీదుగా కారింది.

"ఇంకా ఎంతసేపు?" అంది సెలీనా.

"దిగు. నడిచి పోదాం," అన్నాడు. "దార్లో నీకొకటి చెప్పాలి."