మామగారి చెయ్యి ఖాళీగా ఉంటే

మా మామగారు తాళం వేశాక లాగి చూస్తారు. వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూస్తారు. ఒకసారి అలా లాగీ లాగీ గొళ్లెమే ఊడి చేతికొచ్చింది. "చూశారా, ఇది గట్టిది కాదని నాకు ముందే అనుమానం" అన్నారు.

వయసులో ఉన్నప్పుడు ఆయన టెలిఫోన్ తీగలు లాగేవారు. ఆ కాలం పోయాక, ఆఫీసుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పని నేర్చుకున్నారు. ఇప్పుడు ఆయన చేతిలో మిగిలిన పెద్ద పని రక్తపరీక్షల కేంద్రం ఒక్కటే. అక్కడి యంత్రాలన్నింటినీ కలిపే స్విచ్, గోడకు తగిలించిన దీపాల పెట్టె, ఈ మధ్య మొరాయిస్తోంది. రిపోర్టులు కౌంటరుకు చేరడం లేదు.

"ఈ సెలవు రోజు బాగుచెయ్యండి. లేకపోతే రేపు వేరేవాళ్లను పిలుచుకుంటాను" అని ఆ కేంద్రం నడిపే డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

స్విచ్‌ను తయారుచేసిన కంపెనీ ఈ జబ్బుకు కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి స్విచ్‌లోకి ఎక్కించాలి. అయితే స్విచ్ దేన్నీ ఊరికే రానివ్వదు. ఆ సాఫ్ట్‌వేర్ ఫైలుకు వేలిముద్రలాంటి పొడవాటి అంకె ఒకటి ఉంటుంది. ఒక్క అక్షరం చెడినా అంకె మారిపోతుంది. కంపెనీ చెప్పిన అంకెతో కలిస్తేనే లోపలికి ప్రవేశం. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు మరి.

అత్తయ్యా నేనూ భోజనం క్యారియర్‌తో, నా చంటిపాపతో సహా వెళ్లేసరికి మామగారు స్విచ్ ముందు కుర్చీ వేసుకుని దానితో పోట్లాడుతున్నారు. ల్యాప్‌టాప్ తెర మీద ఎర్రగా 'ఇమేజ్ వెరిఫికేషన్ ఫెయిల్డ్' అని ఉంది, అంటే అంకె కలవలేదని.

"ఏమంటోందండీ?" అంది అత్తయ్య.

"నన్ను నమ్మనంటోంది."

"పోన్లెండి, ఇన్నాళ్లకు మీకు తగ్గ జోడీ దొరికింది."

"నీకు వేళాకోళంగా ఉంది. పెన్‌డ్రైవ్‌లో అంకె సరిగ్గానే ఉందే! స్విచ్‌లోకి వెళ్లేసరికి మారిపోతోంది. అదీ ఒకలా కాదు, ప్రతిసారీ కొత్త అంకె. ఫైలే చెడిందైతే ఎప్పుడూ ఒకే తప్పు రావాలిగా? పెన్‌డ్రైవ్ మార్చాను, ల్యాప్‌టాప్ మార్చాను..."

"ఇంక మనిషినే మార్చి చూడాలి."

"రేపు డాక్టరమ్మ చేసేది అదే" అన్నారు నీరసంగా. అత్తయ్య నవ్వు ఆగిపోయింది.

ఆయన మళ్లీ మొదలుపెట్టారు. మామగారి ఎదుట నాకు నోరు పెగలదు గానీ కళ్లు ఊరుకోవు. పాపను భుజాన వేసుకుని గోడ పక్కన నిలబడ్డాను. తెర మీద, ఫైలు ఎంతవరకు ఎక్కిందో చూపే గీత పాకుతూ సగానికి వచ్చింది. మామగారి చెయ్యి లేచింది. బిగుతుగా ఉందో లేదోనని పెన్‌డ్రైవ్‌ను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపారు. దాని దీపం ఒక్క క్షణం ఆరి, వెలిగింది. గీత చివరికంటా వెళ్లింది. మళ్లీ ఎర్ర అక్షరాలు!

అత్తయ్య చెవిలో చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెప్తే ఇప్పుడు ఆపుతారు, సగం గీత రాగానే మర్చిపోతారు. ఆ చెయ్యి నాకు తెలీదూ?" అని గొణిగింది.

ఈసారి గీత కదలగానే నేను వెళ్లి, నిద్రపోతున్న పాపను ఆయన ఒళ్లో పెట్టేశాను. తల ఎడమ మోచేతి మీద, కాళ్లు కుడి చేతి మీద.

"పనిలో ఉంటే ఇదేంటమ్మాయ్!"

"ష్! లేచిందంటే మీరే ఎత్తుకుని తిప్పాలి" అంది అత్తయ్య.

గీత సగానికి వచ్చింది. ఆయన కుడి చెయ్యి కదలబోయింది. పాప మూలిగింది. చెయ్యి ఆగింది.

"వదులైందేమో, ఒక్కసారి చూడవే."

"చూశాను, బిగుతుగానే ఉంది" అంది అత్తయ్య, కూర్చున్న చోటి నుంచే.

పచ్చటి అక్షరాలు పడ్డాయి. అంకె కలిసింది. స్విచ్ దీపాలన్నీ ఆరిపోయి, కాసేపటికి వరసగా వెలిగాయి.

డాక్టరమ్మ వచ్చి "అయిందా?" అని గట్టిగా అడిగింది. "మెల్లగా!" అన్నారు మామగారు, కుర్చీలోంచి కదలకుండా. ఆవిడ ఒక యంత్రం నుంచి రిపోర్టు పంపించి చూసింది. కౌంటరుకు చేరింది. ఇంకో యంత్రం నుంచి పంపింది. అదీ చేరింది. "ఇక మీదటా మీరే చూడండి" అని ఆవిడ కూడా గుసగుసగానే చెప్పి వెళ్లింది.

కాళ్లు తిమ్మిరెక్కిన మామగారు పాపను నాకు అందిస్తూ, "అంత పెద్ద సోఫా ఉందిగా, దాని మీద పడుకోబెట్టొచ్చుగా?" అన్నారు.

"దుమ్ముగా ఉంది మామయ్యగారూ."

ఆయన కుంటుకుంటూ వెళ్లి సోఫా మీద వేలితో రాసి, వేలు చూసుకున్నారు. దుమ్ము అంటలేదు. తర్వాత పెన్‌డ్రైవ్‌నూ, తన చేతినీ, నన్నూ మార్చి మార్చి చూశారు. నేను తల వంచుకుని పాప జుట్టు సర్దసాగాను.