వేలంలో నల్ల కోడిపెట్ట

మూడు గుమ్మడికాయలు, ఒక అరటి గెల, ఒక నల్ల కోడిపెట్ట, ఫాదర్‌గారు, నలభై మంది దాకా జనం. గాజువాకలో ఒక చర్చి ఆవరణలో, పూజ అయ్యాక జరిగిన వేలంలో ఉన్నవి ఇవే. పైఊరివాణ్ణి నేనొక్కణ్ణే. ఆటోనగర్‌లో ఒక యంత్రం బిగించడానికి నిజామాబాద్ నుంచి వచ్చాను.

వేలం సొమ్ము ఆఫ్రికాలో మిషన్ వాళ్ళు పెంచుతున్న అనాథ పిల్లలకు వెళ్తుందని ఫాదర్‌గారు చెప్పారు. విదేశాల నుంచి మనకు సాయం రావడమే నాకు తెలుసు. ఇక్కడి నుంచి వెళ్ళడం కొత్తగా అనిపించింది.

కోడిని తెచ్చిన మరియమ్మ కూతురితో పక్కనే నిలబడింది. ఒకాయన రెండొందలకు పాడాడు. మిగతావాళ్ళు నోరు విప్పలేదు. పిల్లల కోసమైనా పాడరేమని కోపమొచ్చి ఐదొందలన్నాను. కోడి నాదైంది.

“ఎంత పని సేసావ్ బాబూ!” అన్నాడాయన. “నాను మరియమ్మ తమ్ముణ్ణి. ఇచ్చినోళ్ళ తమ్ముడు పాడితే ఆపైన ఎవులూ పాడరు. డబ్బులు అక్కవే. డబ్బులు మిషన్‌కి, కోడి ఇంటికి. పిల్లకి రక్తం తక్కువని గుడ్ల కోసం పెంచుతంది.”

వెంటనే కోడిని మరియమ్మకు ఇవ్వబోయాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

“ఊరికే తీసుకుంటే ఆ పిల్లలకి నానేటి ఇచ్చినట్టు?”

రెండొందలకే అమ్ముతానన్నాను.

“దేవుడి పాట అయిపోనాక బేరాలేటి బాబూ? నడండి.”

లాడ్జిలో ఉంచుకోలేక కోడిని వాచ్‌మన్‌కు ఇచ్చాను. మర్నాడే కోసుకున్నారు.

అది వారానికి ఐదు గుడ్లు పెట్టేది.